కన్సోల్‌కూ టీవీకీ మాట కుదరకపోతే బొమ్మ రాదు

వీడియో గేమ్ కన్సోల్ ఆన్ చేస్తే బీప్‌మంటుంది. లైటు నీలంగా మినుకుమని తెల్లగా నిలబడుతుంది. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు కూడా వినిపిస్తుంది. టీవీలో మాత్రం నల్లటి తెర మీద 'నో సిగ్నల్' అన్న చిన్న డబ్బా ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతూ ఉంటుంది. అప్పుడు ఏ ఇంట్లోనైనా చేసే పని ఒకటే: వైరు పీకి మళ్లీ పెడతారు. కొన్నిసార్లు బొమ్మ వచ్చేస్తుంది కూడా. వైరు లూజుగా ఉందని తేల్చేసి ఆటలో పడిపోతారు. మర్నాడు మళ్లీ అదే తంతు. నాలుగో రోజుకు కొత్త వైరు కొంటారు. దానికీ లొంగకపోతే బోర్డు పోయిందేమోనని కన్సోల్‌ను సంచిలో పెట్టుకుని మెకానిక్ దగ్గరికి మోస్తారు.

వైరు పీకి పెట్టగానే బొమ్మ వచ్చిందంటే కారణం లూజు కాంటాక్టే కానక్కర్లేదు. చాలాసార్లు అది కాదు కూడా. పాత పసుపు పిన్ను వైరు రోజుల్లో కన్సోల్ తన పాటికి తాను సిగ్నల్ పంపుతూనే ఉండేది, అవతల టీవీ ఉందో లేదో దానికి పట్టేది కాదు. 2002 చివర్లో వచ్చిన, బొమ్మనూ సౌండునూ ఒకే వైరులో మోసే హెచ్‌డీఎంఐ తీరు వేరు. రెండు పెట్టెలూ ముందు పలకరించుకుని, ఏం పంపాలో ఎంత పంపాలో మాట్లాడుకుని, ఆ తర్వాతే బొమ్మ మొదలుపెడతాయి. వైరు పీకి పెట్టడమంటే ఆ మాటలు మళ్లీ మొదటి నుంచి జరిగేలా చేయడం. అందుకే బొమ్మ రానప్పుడు వైరు మీద పడేకంటే, మాట ఎక్కడ తెగిందో కనిపెట్టడం మేలు. దానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. తెర మీద కనిపించే లక్షణాన్ని సరిగా చదివితే సగం పని అయిపోతుంది.

హెచ్‌డీఎంఐ ప్లగ్గులో 19 పిన్నులుంటాయి. 18వ పిన్ను మీద కన్సోల్ 5 వోల్టులు పంపుతుంది, తలుపు తట్టినట్టు. అవతల టీవీ ఉంటే 19వ పిన్ను మీద పలుకుతుంది. పలకగానే కన్సోల్ 15, 16 పిన్నుల మీదుగా టీవీ లోపల దాచిన చిన్న పట్టికను చదువుతుంది. దాని పేరు ఈడీఐడీ. ఒక్కో పేజీ 128 బైట్లు. తయారీదారు ఎవరు, తెర ఎన్ని చుక్కలది, 4కే వస్తుందా, హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే పద్ధతి) తెలుసా, సెకనుకు 120 ఫ్రేములు తట్టుకోగలదా, ఎలాంటి సౌండు పలుకుతుంది, అన్నీ అందులో ఉంటాయి. పెళ్లి సంబంధాల వాళ్లు చేతికిచ్చే బయోడేటా లాంటిదన్నమాట. అందులో రాసిందాన్ని నమ్మే కన్సోల్ తాను పంపబోయే బొమ్మ కొలతలు నిర్ణయించుకుంటుంది. ఆపైన కాపీ చేయకుండా వేసే తాళం ఒకటుంది, హెచ్‌డీసీపీ. రెండువైపులా తాళంచెవులు సరిపోతేనే తెర తెరుచుకుంటుంది. ఇదంతా కొద్ది సెకన్లలో జరిగిపోతుంది కాబట్టి ఎవరికీ తెలియదు. ఎక్కడైనా ఆగితే మాత్రం తెర మీద తెలుస్తుంది.

'నో సిగ్నల్' అంటే టీవీకి ఏమీ అందడం లేదని. 'మోడ్ నాట్ సపోర్టెడ్' లాంటి మాట కనిపిస్తే కథ వేరు: సిగ్నల్ వస్తోంది, టీవీకి అది అర్థం కావట్లేదు. ఈ రెండోది వచ్చినప్పుడు కొత్త వైరు కోసం బజారుకు పరిగెత్తడం వృథా, ఎందుకంటే ఉన్న వైరు తన పని తాను చేస్తోంది. ఏ మాటా లేకుండా తెర నల్లగా ఉండిపోతే, లేదా గేమ్ చక్కగా వచ్చి ఓటీటీ యాప్ తెరవగానే నల్లబడితే, ముందుగా హెచ్‌డీసీపీ తాళాన్ని అనుమానించాలి. మధ్యలో చవకరకం స్ప్లిట్టరో కన్వర్టరో ఉంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. ప్లేస్టేషన్ 4, 5 సెట్టింగుల్లో హెచ్‌డీసీపీని ఆపేసుకునే వీలుంది. ఆపితే గేములు ఆడుకోవచ్చు, ఓటీటీ యాప్‌లు మాత్రం పనిచేయవు.

ఇంకో లక్షణం ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. గేమ్ సౌండు టీవీ స్పీకర్లలో వినిపిస్తూ ఉంటుంది, బొమ్మ ఉండదు. హెచ్‌డీఎంఐలో సౌండు వేరే తీగ మీద రాదు. బొమ్మ గీతల మధ్య దొరికే ఖాళీల్లో కూర్చుని దాంతోపాటే వస్తుంది. కాబట్టి సౌండు వినిపిస్తోందంటే బొమ్మ కూడా టీవీ దాకా చేరిందనే అర్థం. కన్సోల్, వైరు, పోర్టు మూడూ నిర్దోషులు. గదిలో లైట్లన్నీ తీసేసి, ఫోను టార్చిని తెరకు దగ్గరగా ఏటవాలుగా పట్టుకుని చూస్తే, నల్లటి తెరలో మసగ్గా మెనూ అక్షరాలు కదులుతూ కనబడవచ్చు. కనబడితే ఎల్‌ఈడీ టీవీలో వెనక వెలిగే బ్యాక్‌లైట్ పోయిందన్నమాట. మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సింది టీవీ, కన్సోల్ కాదు.

'నో సిగ్నల్' దగ్గరికి మళ్లీ వద్దాం. ఇందులో సగం కేసులు చెప్పుకోవడానికే సిగ్గనిపించేవి. రిమోట్‌లో సోర్సు హెచ్‌డీఎంఐ 1 మీద ఉంటుంది, వైరు 2లో ఉంటుంది. హాస్టల్ గదుల్లో తరచూ జరిగే పొరపాటు ఇంకొకటి. టీవీ లేదు కదా అని కన్సోల్ వైరును ల్యాప్‌టాప్ పక్కనున్న హెచ్‌డీఎంఐ రంధ్రంలో పెడతారు. ల్యాప్‌టాప్‌లో ఉండేది బొమ్మను బయటికి పంపే పోర్టు, లోపలికి తీసుకునేది కాదు. రెండు కుళాయిల్ని ఎదురెదురుగా బిగించినట్టే. వైరు ఎంత ఖరీదైనదైనా ఏమీ రాదు. ల్యాప్‌టాప్ తెర మీదే ఆడాలంటే మధ్యలో బొమ్మను లోపలికి తీసుకునే క్యాప్చర్ కార్డు కావాలి, లేదా వైఫై మీదుగా రిమోట్ ప్లే పెట్టుకోవాలి.

నింటెండో స్విచ్ ఉన్నవాళ్లకు ఇదే గొడవ ఇంకో వేషంలో వస్తుంది. టీవీకి కలిపే స్టాండులో, అంటే డాక్‌లో పెడితే ఛార్జింగ్ ఎక్కుతుంది, టీవీలో మాత్రం బొమ్మ రాదు. 2017లో వచ్చిన మొదటి స్విచ్ అసలు ఛార్జరు 15 వోల్టుల దగ్గర 2.6 ఆంపియర్లు ఇస్తుంది, అంటే 39 వాట్లు. ఫోను ఛార్జరుతో బ్యాటరీ నిండుతుంది కానీ టీవీకి బొమ్మ పంపేందుకు డాక్ ఒప్పుకోదు. అన్నయ్యో బాబాయో అమెరికా నుంచి తెచ్చిన స్విచ్‌కు అక్కడి పిన్నుల ఛార్జరు ఇక్కడి సాకెట్‌లో పట్టక, ఇంట్లో ఉన్న ఫోను ఛార్జరు పెట్టి, 'డాక్ పాడైంది' అనుకున్న ఇళ్లు ఉన్నాయి. సాకెట్‌కు అడాప్టర్ పిన్ను కొనుక్కుని అసలు ఛార్జరే పెడితే సరిపోతుంది. ఆ ఛార్జరు ఇక్కడి 230 వోల్టులకూ పనికొస్తుంది.

మొన్నటిదాకా వేరే టీవీకి ఉన్న కన్సోల్‌ను ఇంటికి తెచ్చి తగిలిస్తే బొమ్మ రాకపోవడమూ మామూలే. పాత టీవీకి సరిపోయేలా ఎవరో రిజల్యూషన్‌ను, అంటే బొమ్మలో చుక్కల లెక్కను, ఆటోమేటిక్ నుంచి మార్చి పెట్టి ఉంటారు. కొత్త టీవీ బయోడేటా ఇచ్చినా కన్సోల్ దాన్ని పక్కనబెట్టి, తనకు చెప్పిందే పంపుతుంది. సెట్టింగు మారుద్దామంటే తెరే కనబడదు. ఈ చిక్కుముడి కోసమే తయారీదారులు పక్కదారి ఒకటి పెట్టారు. ప్లేస్టేషన్ 4, 5లో కన్సోల్‌ను పూర్తిగా ఆపి, పవర్ బటన్‌ను నొక్కి పట్టుకోవాలి. మొదటి బీప్‌కు వదలకూడదు. సుమారు ఏడు సెకన్ల తర్వాత రెండో బీప్ వస్తుంది, అప్పుడు వదలాలి. సేఫ్ మోడ్ వస్తుంది, అతి తక్కువ రిజల్యూషన్‌లో. కంట్రోలర్‌ను యూఎస్‌బీ వైరుతోనే కలపాలి, బ్లూటూత్ అక్కడ పనిచేయదు. రెండో వరుసలోనే బొమ్మకు సంబంధించిన సెట్టింగు ఉంటుంది. డిస్కు ఉన్న ఎక్స్‌బాక్స్‌లో అయితే పవర్ బటన్, డిస్కు బయటికొచ్చే బటన్ రెండూ కలిపి రెండో బీప్ దాకా పట్టుకుంటే 640×480లో తెర తెరుచుకుంటుంది.

సేఫ్ మోడ్‌ను మరమ్మతుగానే చూస్తారు కానీ దాని అసలు విలువ పరీక్షగా. సేఫ్ మోడ్ మెనూ తెర మీద కనబడిందంటే పోర్టు, వైరు, లోపలి చిప్పు అన్నీ కనీసం బతికే ఉన్నాయి. గొడవ సెట్టింగులదో, వైరు సత్తాదో. అది కూడా కనబడకపోతే, ఇంకో టీవీకి ఇంకో వైరుతో తగిలించినా రాకపోతే, అప్పుడు హార్డ్‌వేర్ మాట ఎత్తాలి. ఈ ఒక్క మెట్టు దాటకుండా కన్సోల్‌ను విప్పించడం తొందరపాటే.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువమందిని తికమకపెట్టే సంగతి. అదే వైరు, అదే టీవీ. పాత కన్సోల్‌తో ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేదు. కొత్తది పెట్టగానే తెర ఒక్క సెకను నల్లబడి మళ్లీ వస్తుంది, లేదా చీకటి దృశ్యాల్లో తెల్లటి చుక్కలు మిణుగురుల్లా మెరుస్తుంటాయి. 'నిన్నటిదాకా బాగానే ఉంది కదా, వైరెలా పోతుంది?' అంటారు. వైరు పోలేదు. దాని మీద మోపిన బరువు మారింది.

ఆ బరువెంతో లెక్కేస్తే తెలుస్తుంది. 4కే తెరలో సుమారు 83 లక్షల చుక్కలు. తెర మీద కనబడని అంచుల ఖాళీలను కూడా కలిపితే వైరు మీద నడిచే ఫ్రేము 4400×2250 చుక్కలదవుతుంది. సెకనుకు 60 ఫ్రేములంటే 59.4 కోట్ల చుక్కలు. ఒక్కో చుక్కకు 24 బిట్ల రంగు. దారిలో చెదరకుండా ఉండేందుకు ప్రతి 8 బిట్లను 10 బిట్లుగా కట్టి పంపుతారు కాబట్టి చుక్కకు 30 బిట్లు. మొత్తం సెకనుకు 1782 కోట్ల బిట్లు, అంటే 17.82 గిగాబిట్లు. 2013లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.0 హద్దు 18. అంటే దారి అంచులు రాసుకుంటూ వెళ్తున్న లారీ అన్నమాట. అదే 1080పీ (ఫుల్ హెచ్‌డీ), సెకనుకు 60 ఫ్రేములంటే 4.455 గిగాబిట్లే, సరిగ్గా నాలుగో వంతు. పదేళ్ల కిందటి వైరు ఈ నాలుగో వంతు బరువును నిద్రలో కూడా మోస్తుంది. నాలుగింతలు వేస్తే తడబడుతుంది. హెచ్‌డీఆర్ కోసం చుక్కకు 30 బిట్ల రంగు పెడితే లెక్క 22 గిగాబిట్లు దాటిపోతుంది, హెచ్‌డీఎంఐ 2.0 దారిలో అసలు పట్టనే పట్టదు. అందుకే కన్సోల్ గుట్టుగా రంగు వివరాలు తగ్గించి పంపుతుంది. వెలుతురు ప్రతి చుక్కకూ ఉంటుంది, రంగును మాత్రం పక్కపక్క చుక్కలు పంచుకుంటాయి. 4:2:2, 4:2:0 అని కనబడే అంకెలు ఆ పంపకం లెక్కలే. సోఫాలో కూర్చుని చూసే కంటికి ఈ తేడా దాదాపుగా అందదు.

ఈ లెక్క తెలిస్తే పరీక్ష కూడా తేలిక. ప్లేస్టేషన్ 5 వీడియో అవుట్‌పుట్ సెట్టింగుల్లో రిజల్యూషన్‌ను 1080పీకి దించాలి. చుక్కలు, నల్లబడటం ఆగిపోయాయా? అయితే బరువు మోయలేకపోవడమే జబ్బు. మళ్లీ 4కేకి తెచ్చి, అక్కడే ఉండే '4కే వీడియో ట్రాన్స్‌ఫర్ రేట్'ను ఆటోమేటిక్ నుంచి -1కి, అప్పటికీ కుదరకపోతే -2కి మార్చి చూడాలి. రంగు పంపకాన్ని ఒక్కో మెట్టు తగ్గించే మీట అది. -2 దగ్గర బొమ్మ కుదుటపడితే, కొత్త వైరు వచ్చేదాకా అలాగే ఆడుకోవచ్చు. 1080పీకి దించినా గొడవ పోలేదంటే మాత్రం వైరు చివరలనో పోర్టునో చూడాల్సిందే. అసలు ఏం నడుస్తోందో ఊహించనక్కర్లేదు కూడా: ప్లేస్టేషన్ 5లో వీడియో అవుట్‌పుట్ సమాచారం చూపే పేజీ ఉంది, ఎక్స్‌బాక్స్‌లో టీవీకి ఏమేం వస్తాయో చెప్పే 4కే టీవీ వివరాల పేజీ ఉంది. ఏ రిజల్యూషన్, ఏ రంగు పద్ధతి, ఏ హెచ్‌డీసీపీ నడుస్తోందో ప్లేస్టేషన్ 5 పేజీ చూపిస్తుంది. ఈ పేజీని ఒక్కసారి కూడా తెరవకుండా వైరు మార్చేవాళ్లే ఎక్కువ.

వైరు కొనక తప్పకపోతే గుర్తుంచుకోవాల్సింది ఒకటే. 'హెచ్‌డీఎంఐ 2.1 వైరు' అని అట్టపెట్టె మీద వేసినంత మాత్రాన ఏమీ కాదు. వైర్లకు వర్షన్ నంబర్లు లేవు. 18 గిగాబిట్లకు ప్రీమియం హై స్పీడ్, 48 గిగాబిట్లకు అల్ట్రా హై స్పీడ్ అన్న రకాలు, పరీక్ష పాసైనట్టు స్కాన్ చేసి చూసుకునే లేబులు, అంతే. బంగారు పూత వల్ల బొమ్మ మెరుగవదు. పొడుగు పెరిగేకొద్దీ బరువు మోసే శక్తి తగ్గుతుంది, కాబట్టి గోడలోంచి పది మీటర్లు లాగాలనుకునేవాళ్లు మామూలు రాగి వైరు మీద ఆశలు పెట్టుకోకూడదు. ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ పెట్టెల్లోనే అల్ట్రా హై స్పీడ్ వైరు వస్తుంది. దాన్ని కవరులోనే వదిలేసి, టీవీ వెనక ఇదివరకే వేలాడుతున్న సెట్‌టాప్ బాక్సు వైరును పీకి కన్సోల్‌కు పెట్టడం మన ఇళ్లలో మామూలు. చేయి అందడం తేలిక కదా.

వైరు మంచిదే, అయినా 4కే హెచ్‌డీఆర్ రావట్లేదంటే టీవీ తన బయోడేటాలో తక్కువ చేసి రాసుకుని ఉండవచ్చు. ఇది వింతగా అనిపిస్తుంది కానీ కావాలని చేసిందే. పూర్తి శక్తి చెప్పుకుంటే కొన్ని పాత పెట్టెలు గాభరాపడి బొమ్మ మానేస్తాయి. అందుకని చాలా టీవీలు ఫ్యాక్టరీ నుంచి పోర్టులను తక్కువ మోడ్‌లో పెట్టి పంపుతాయి. దాన్ని విప్పే మీటకు ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. సామ్‌సంగ్‌లో 'ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్', ఎల్‌జీలో 'డీప్ కలర్', సోనీలో 'హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్' కింద 'ఎన్‌హాన్స్‌డ్'. చవక టీవీల్లో నేరుగా 1.4, 2.0 అనే ఉంటుంది. పోర్టుకు పోర్టు విడిగా మార్చాలి. ఒకదానికి మార్చి వైరు ఇంకొకదానిలో పెట్టి, 'మార్చినా రాలేదు' అనడం కూడా ఉంది.

సెకనుకు 120 ఫ్రేముల దగ్గర పట్టింపులు ఇంకా ఎక్కువ. హెచ్‌డీఎంఐ 2.1 కాగితం మీద 48 గిగాబిట్లు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ పంపేది 40, ప్లేస్టేషన్ 5 పంపేది 32. చాలా టీవీల్లో నాలుగు పోర్టులున్నా ఈ వేగం రెండింటికే ఉంటుంది, ఆ రెండింటిలో ఒకటి సౌండ్‌బార్ తగిలించే ఈఆర్క్ పోర్టే అవుతుంది. సౌండ్‌బార్ ఒకటి తీసేసుకుంటే మిగిలేది ఒక్కటి. కన్సోల్‌ను సౌండ్‌బార్‌లోంచి తిప్పి టీవీకి తెస్తే ఆ సౌండ్‌బార్ ఎంత మోయగలిగితే అంతే. కన్సోల్ నేరుగా టీవీకి, సౌండు ఈఆర్క్ మీదుగా బార్‌కు వెళ్లేలా పెట్టుకోవడమే మంచి పద్ధతి. ఖరీదైన సరుకుకు ఈ బాధ ఉండదనుకుంటే పొరపాటు. 2020 చివర్లో డెనాన్, మరాంట్జ్, యమహా కొత్త ఏవీ రిసీవర్లలోని (బొమ్మను టీవీకీ సౌండును స్పీకర్లకూ పంచే పెట్టెలు) హెచ్‌డీఎంఐ చిప్పులో లోపం బయటపడింది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ నుంచి 4కేని సెకనుకు 120 ఫ్రేములతో పంపితే తెర నల్లబడేది. దాన్ని సర్దడానికి కంపెనీలు అడాప్టర్లు, కొత్త బోర్డులు ఇవ్వాల్సి వచ్చింది. ఇక పాత వైర్లలో గుర్తుగా కనబడే మిణుగురు చుక్కలు ఈ కొత్త వేగంలో ఉండవు. తప్పుల్ని దిద్దుకునే ఏర్పాటు ఇందులో ఉంది కాబట్టి బొమ్మ వస్తే శుభ్రంగా వస్తుంది, దిద్దలేనంత తప్పులైతే ఒక్కసారిగా నల్లబడుతుంది. మధ్యేమార్గం తక్కువ.

రంగు తేడాల్లో ఒకటి చూడగానే భయపెడుతుంది కానీ మందు చాలా సులువు. నల్లగా ఉండాల్సిన చోటు వంకాయ రంగులోకి, తెల్లగా ఉండాల్సిన చోటు ఆకుపచ్చలోకి తిరుగుతుంది. మనుషుల ముఖాలు దయ్యాల్లా కనిపిస్తాయి. ప్యానెల్ పోయిందనుకుంటారు. నిజానికి కన్సోల్ వెలుతురు ఒక తీగ మీద, రంగు తేడాలు రెండు తీగల మీద పంపుతోంది. టీవీ వాటిని ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనుకుని చదువుతోంది. వెలుతురు నడిచేది ఆకుపచ్చ నడవాల్సిన తీగ మీదే. 0 నుంచి 255 దాకా ఉండే కొలతలో, రంగు లేని చోట తేడాల తీగలు రెండూ సున్నా మీద ఉండవు, మధ్యలో 128 దగ్గర ఉంటాయి. అందుకే నల్లటి చోట వెలుతురు 16 దగ్గరే ఉండి, ఎరుపు, నీలం సగానికి వెలిగి వంకాయ రంగొస్తుంది. తెల్లటి చోట వెలుతురు 235కి ఎక్కి ఆకుపచ్చ మిగతావాటిని మింగేస్తుంది. ఇంత తు.చ. తప్పకుండా కనబడిందంటే అది మాట తప్పిన లక్షణమే, ప్యానెల్ చావు కాదు. రెండింటినీ గోడ స్విచ్చి దగ్గర ఆపి, అరనిమిషం ఆగి, ముందు టీవీ, తర్వాత కన్సోల్ వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. మళ్లీ మళ్లీ వస్తుంటే కన్సోల్‌లో రంగు పద్ధతిని ఆర్‌జీబీకి (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పద్ధతికి) మార్చి చూడాలి.

బొమ్మంతా బూడిద పూసినట్టు వెలవెలబోవడం, లేదా చీకట్లో మనుషులు మసిలో కలిసిపోవడం, ఈ రెండూ అన్నదమ్ములు. టీవీ ప్రపంచంలో నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర. కంప్యూటర్ ప్రపంచంలో 0 నుంచి 255. ఒకరు ఒక కొలమానంతో పంపి ఇంకొకరు ఇంకో కొలమానంతో చదివితే ఈ తంటా. కన్సోల్‌లో ఆర్‌జీబీ రేంజ్, టీవీలో బ్లాక్ లెవెల్, రెండూ ఆటోమేటిక్‌లో పెట్టడమే మంచిది. అది కుదరకపోతే రెండింటినీ 'లిమిటెడ్'కో, రెండింటినీ 'ఫుల్'కో పెట్టాలి.

హెచ్‌డీఆర్ వేయగానే బొమ్మ మసకబారిందన్నవాళ్లు మాత్రం కన్సోల్‌ను తిట్టుకోవడం మానేయాలి. బయోడేటాలో 'హెచ్‌డీఆర్ తెలుసు' అని రాసుకున్న చవక టీవీకి నిజంగా తెలిసింది ఆ సిగ్నల్‌ను అందుకోవడమే. దాన్ని చూపించేంత వెలుతురు ప్యానెల్‌లో ఉండదు. పెళ్లయ్యాక బయటపడే జీతం సంగతి లాంటిదే ఇది. అలాంటి టీవీలో హెచ్‌డీఆర్ ఆపేసి ఆడితేనే బొమ్మ నిండుగా ఉంటుంది, ఇందులో నామోషీ ఏమీ లేదు. కాస్త మెరుగైన టీవీ అయితే కన్సోల్‌లోని హెచ్‌డీఆర్ సర్దుబాటు తెరల్లో గుర్తు కనీకనబడకుండా అయ్యేదాకా ఓపిగ్గా సర్దుకుంటూ పోవాలి. గబగబా నొక్కుకుంటూ పోతే ఆ తర్వాత అన్ని గేముల్లోనూ మబ్బు పట్టినట్టే ఉంటుంది.

స్కోరు, ప్రాణాల లెక్క తెర అంచుల్లో తెగిపోవడానికి ఓవర్‌స్కాన్ అని పేరు. డబ్బా టీవీల కాలపు అలవాటును కొత్త టీవీలూ మోస్తున్నాయి. టీవీ పిక్చర్ సైజులో 'జస్ట్ స్కాన్', 'స్క్రీన్ ఫిట్', 'ఫుల్ పిక్సెల్' లాంటిది వెతికి పెడితే పోతుంది. కన్సోల్‌లో బొమ్మను కుదించి సర్దడం రెండో దారి, అంత మంచిది కాదు.

పోర్టుల చావు గురించి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన ఇళ్లలో దానికి కారణాలు కొంచెం వేరు. ప్లేస్టేషన్ 5కూ, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌కూ పవర్ వైరు రెండు పిన్నులదే, ఎర్తు ఉండదు. లోపలి పవర్ సప్లయిలో ఉండే చిన్న కెపాసిటర్ల వల్ల వెనక లోహపు భాగాలు 230లో సగం వోల్టేజీ దాకా తేలుతుంటాయి. కరెంటు అతి స్వల్పం, మనిషికి ప్రమాదం లేదు, చెప్పుల్లేకుండా నేల మీద నిలబడి వెనక పోర్టు అంచును తాకితే జివ్వుమంటుందంతే. అవతల టీవీకి సెట్‌టాప్ బాక్సు, దానికి వీధి స్తంభం నుంచి వచ్చిన కేబుల్ వైరు ఉంటాయి. ఆ వైరు పైతొడుగు ఎక్కడో నేలను తాకి ఉంటుంది. రెండూ ఆన్‌లో ఉండగా చీకట్లో తడుముకుంటూ ప్లగ్గును వంకరగా తోస్తే, బయటి తొడుగు తగలకముందే ఆ తేడా డేటా పిన్నుల్లోంచి దూకవచ్చు. హెచ్‌డీఎంఐ చిప్పు దాన్ని ఎన్నిసార్లు తట్టుకుంటుందో చెప్పలేం. ఇంకొకటి పిడుగులు. వేసవి చివర ఉరుములు మొదలవగానే కరెంటు ప్లగ్గులు పీకేస్తారు, కేబుల్ వైరును మాత్రం అలాగే వదిలేస్తారు. పిడుగు తెచ్చే కరెంటు పోటు ఆ వైరులోంచి సెట్‌టాప్ బాక్సులోకి, అక్కడి నుంచి టీవీలోకి, టీవీ నుంచి హెచ్‌డీఎంఐ వైరు మీదుగా కన్సోల్‌లోకి వస్తుంది. కన్సోల్ ప్లగ్గు గోడ నుంచి పీకేసి ఉన్నా సరే.

పోర్టులోకి టార్చి వేసి చూస్తే మధ్యలో నల్లటి నాలుక, దాని పైన 10, కింద 9 సన్నటి పిన్నులు వరుసగా కనబడాలి. ఒకటి వంగి పక్కదాన్ని తాకినా, నాలుక విరిగినా కంటికే తెలుస్తుంది. పిన్నులన్నీ బాగుండి బొమ్మ లేకపోతే పనితెలిసిన మెకానిక్ మల్టీమీటర్‌ను డయోడ్ మోడ్‌లో పెట్టి డేటా పిన్నుల్ని ఒక్కొక్కటే తాకి చూస్తాడు. అన్నిటికీ దాదాపు ఒకే అంకె రావాలి. ఒకటి తేడాగా వస్తే పోర్టు వెనకున్న చిన్న ఫిల్టరో, చిప్పో పోయినట్టు. ఈ కొలత తీయకుండా చిప్పు మార్చాలన్న మాట వినిపిస్తే ఇంకో షాపు చూసుకోవచ్చు.

పాత కన్సోళ్ల లోకమే వేరు. అక్కడ మాటలూ బయోడేటాలూ లేవు. పసుపు పిన్ను బొమ్మకు, తెలుపు, ఎరుపు సౌండుకు. చాలా కొత్త టీవీల్లో పసుపు రంధ్రమే ఉండదు. ఆకుపచ్చ రంధ్రం ఉన్నవాటిలో చాలావరకు పసుపు పిన్నును దాంట్లోనే పెట్టాలి, సోర్సును 'ఏవీ'కి మార్చాలి. 'కాంపొనెంట్' మీద వదిలేస్తే బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తుంది. అమెరికా నుంచి తెచ్చిన పాత కన్సోల్ ఇక్కడి పాత టీవీలో నలుపు తెలుపుల్లో పైకి పైకి దొర్లుతుంటే దానికి కారణం ఇంకోటి. అక్కడి ఎన్‌టీఎస్‌సీ టీవీ పద్ధతిలో బొమ్మకు 525 గీతలు, సెకనుకు 60 సార్లు. ఇక్కడి పాల్ పద్ధతిలో 625 గీతలు, 50 సార్లు. రంగును మోసే అలలు కూడా వేరు, 3.58 మెగాహెర్ట్జ్ ఒకచోట, 4.43 ఇంకోచోట. రంగు దొరక్క నలుపు తెలుపు, గీతల లెక్క కుదరక దొర్లుడు. ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బా కొనేటప్పుడు దిశ చూసుకోవాలి. హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చేది అచ్చం అలాగే ఉంటుంది, అటుది ఇటు పనిచేయదు. దానికి యూఎస్‌బీ నుంచి విడిగా కరెంటు కూడా ఇవ్వాలి.

తొంభైల్లో తెలుగు ఇళ్లలోకి వచ్చిన క్యాసెట్ వీడియో గేములతోపాటు ప్లాస్టిక్ తుపాకీ ఒకటి వచ్చేది, తెర మీద ఎగిరే బాతుల్ని కాల్చడానికి. ఇప్పుడు దాన్ని దుమ్ముదులిపి పిల్లలకు చూపిద్దామని కొత్త టీవీకి పెడితే బొమ్మ వస్తుంది, సౌండు వస్తుంది, బాతు మాత్రం ఒక్కటీ పడదు. తుపాకీ కాల్చదు, చూస్తుంది. మీట నొక్కగానే గేమ్ తెరను ఒక్క ఫ్రేము నల్లబరిచి, బాతు ఉన్న చోట తెల్లటి గడి వేస్తుంది. ఆ తెలుపు సరిగ్గా ఆ క్షణంలో తుపాకీ గొట్టంలోని కన్నుకు తగిలితే గురి తగిలినట్టు. డబ్బా టీవీలో సిగ్నల్ వచ్చిన క్షణానే ఆ చోటు వెలిగేది. కొత్త టీవీ ఫ్రేమును అందుకుని, పెద్దది చేసి, మెరుగులు దిద్ది చూపించేసరికి తుపాకీ కన్ను మూసేసుకుని ఉంటుంది. గేమ్ మోడ్ పెట్టినా అంత తొందర రాదు. వైరు, కన్వర్టరు, సెట్టింగు ఏదీ దీనికి పనికిరాదు. బాతు పడాలంటే అటక మీది డబ్బా టీవీని దింపాల్సిందే.